అరువు జెర్సీలో అసలు పరీక్ష

2013 ఫిబ్రవరిలో హ్యారీ కేన్‌కు పంతొమ్మిదేళ్లు. సొంత క్లబ్ టాటెన్‌హామ్ హాట్‌స్పర్ అతన్ని సీజన్ ముగిసేదాకా ఆడుకోమని లెస్టర్ సిటీకి అరువిచ్చింది. లెస్టర్ అప్పుడు ఇంగ్లండ్ రెండో అంచె లీగ్‌లో ఉంది. అక్కడ కూడా కేన్ చాలా మ్యాచ్‌లు బెంచీ మీద కూర్చునే చూశాడు. ఇంటివాళ్లు తనను చూడటానికి వచ్చినప్పుడు ఏడుపొక్కటే తక్కువైందనీ, ఇక్కణ్నుంచి వెళ్లిపోతానని నాన్నతో అన్నాననీ కొన్నేళ్ల తర్వాత తనే రాసుకున్నాడు. రెండో అంచె జట్టే ఆడించని కుర్రాడిని ప్రీమియర్ లీగ్ జట్టు ఎందుకు ఆడిస్తుంది? అప్పట్లో అతన్ని తొలిచేసిన ప్రశ్న అదే.

పదేళ్లు తిరిగాయి. 2023 మార్చి 23న నేపుల్స్‌లో ఇటలీ మీద పెనాల్టీని గోల్‌గా మలిచి, ఇంగ్లండ్ తరఫున 54వ గోల్ సాధించాడు కేన్. వేన్ రూనీ రికార్డు చెరిగిపోయింది. అంతకు ముందు నెలలోనే జిమ్మీ గ్రీవ్స్‌ను దాటి టాటెన్‌హామ్ చరిత్రలోనే అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడయ్యాడు. బెంచీ మీద కుమిలిపోయిన ఆ కుర్రాడికీ, ఈ రికార్డుల వీరుడికీ మధ్య ఏం జరిగిందన్నది మన దగ్గర ఎవరూ పెద్దగా పట్టించుకోని కథ. పదిహేడేళ్ల పిల్లాడి చేతికి బంతి ఇచ్చి ఇరవై రెండేళ్లకల్లా ఆటగాడిని చేసి నిలబెట్టాలంటే ఏం కావాలో చెప్పే కథ కాబట్టి, మనం కొంచెం నింపాదిగానే వినాలి.

పిల్లలతో ఆడితే సరిపోదు

ఈ అరువు ఏర్పాటు పైకి సులువుగానే కనిపిస్తుంది. ఒక క్లబ్ తన ఒప్పందంలో ఉన్న ఆటగాడిని కొన్ని నెలలకో, ఒక సీజన్‌కో మరో క్లబ్‌కు ఇస్తుంది. ఆ కాలమంతా అతను అవతలి జట్టు జెర్సీలో ఆడతాడు. గడువు తీరాక సొంత గూటికి వస్తాడు. జీతం ఎవరెంత భరించాలి, అరువు రుసుము ఎంత, మధ్యలో జనవరిలో వెనక్కి పిలిపించుకోవచ్చా అన్నవి రెండు క్లబ్బులూ ముందే రాసుకుంటాయి. మన క్రీడా పేజీల్లో దీన్ని లోన్ అంటున్నాం.

కుర్రాళ్లను ఇలా బయటికి పంపాల్సిన అవసరం ఎందుకొచ్చింది? స్పెయిన్‌లో బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ లాంటి క్లబ్బుల రెండో జట్లు కింది డివిజన్లలో పెద్దవాళ్ల జట్లతో పోటీపడతాయి. మెస్సీ కూడా బార్సిలోనా బి జట్టు మీదుగానే పైకొచ్చాడు. జర్మనీలోనూ రెండో జట్లున్నాయి. ఇంగ్లండ్ లీగ్ వ్యవస్థలో మాత్రం వాటికి చోటు లేదు. అక్కడి పెద్ద క్లబ్బుల కుర్రాళ్లు ఇరవై ఒకటేళ్లలోపు వాళ్ల లీగ్‌లో ఆడుకుంటారు. పచ్చికకు వంక పెట్టలేం, కోచింగ్ గొప్పగా ఉంటుంది, ఆట ముచ్చటగా సాగుతుంది. కానీ గ్యాలరీలు బోసిగా ఉంటాయి. మ్యాచ్ ఓడితే ఎవరి ఉద్యోగమూ పోదు. ముప్పై నాలుగేళ్ల డిఫెండర్ మోచేయి పక్కటెముకల్లో దిగితే ఎలా ఉంటుందో ఆ కుర్రాళ్లకు అక్కడ తెలిసే దారి లేదు.

ఆ అనుభవం దొరికేది మూడో అంచెలో, నాలుగో అంచెలో. అక్కడ మూడు పాయింట్లు పోతే క్లబ్ కింది డివిజన్‌కు జారిపోవచ్చు. జారితే ఆదాయం పడిపోతుంది, మేనేజర్‌ను ఇంటికి పంపేస్తారు, పక్కన ఆడే సీనియర్‌కు వచ్చే ఏడాది ఒప్పందం ఉండకపోవచ్చు. అలాంటి చోట కుర్రాడు నిర్లక్ష్యంగా బంతి పోగొడితే, డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరూ బుజ్జగించరు. అకాడమీ ఎన్ని కోట్లు పోసినా కొనలేని పాఠం అది. నా దృష్టిలో లోన్ అసలు విలువ అక్కడే ఉంది.

డేవిడ్ బెక్‌హామ్ సంగతి చూడండి. 1995 తొలి నెలల్లో మాంచెస్టర్ యునైటెడ్ అతన్ని నాలుగో అంచెలో ఉన్న ప్రెస్టన్ నార్త్ ఎండ్‌కు పంపింది. అప్పటికి పంతొమ్మిదేళ్లవాడు. తనను వదిలించుకుంటున్నారేమోనని మొదట బెంగపడ్డాడు. డాన్‌కాస్టర్‌తో మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి, కార్నర్ కిక్‌ను నేరుగా గోల్‌లోకి పంపాడు. అక్కడ ఆడింది అయిదే మ్యాచ్‌లు, చేసింది రెండే గోల్స్. కానీ కార్నర్లు, ఫ్రీకిక్‌లు అతని కాలికే అప్పగించిన మేనేజర్ గ్యారీ పీటర్స్ నమ్మకం వృథా పోలేదు. ఆ ఏప్రిల్‌లోనే బెక్‌హామ్ మాంచెస్టర్ తరఫున ప్రీమియర్ లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడాడు. అదే ఏడాది వెస్ట్‌హామ్ నుంచి స్వాన్సీకి లోన్ మీద వెళ్లినవాడు ఫ్రాంక్ లాంపార్డ్. ఆ పేరు మళ్లీ వస్తుంది.

నాలుగు ఊళ్లు, నాలుగు రకాల అనుభవాలు

కేన్ లోన్ యాత్ర 2011 జనవరిలో మొదలైంది. అప్పటికి పదిహేడేళ్లవాడు. లండన్‌లోనే ఉన్న మూడో అంచె క్లబ్ లేటన్ ఓరియెంట్‌కు వెళ్లి 18 మ్యాచ్‌ల్లో 5 గోల్స్ చేశాడు. గొప్ప లెక్కేమీ కాదు. కానీ ఆడాడు, వారం వారం ఆడాడు.

2012 జనవరిలో మిల్‌వాల్‌కు వెళ్లాడు. ఇదీ లండన్ క్లబ్బే. రెండో అంచె నుంచి కిందికి జారిపోయే ప్రమాదంలో ఉంది. ది డెన్ అనే వాళ్ల మైదానానికి ఇంగ్లండ్ అంతటా కరుకు పేరు. అక్కడి అభిమానులు ఒళ్లు దాచుకునే ఆటగాడిని క్షణం సహించరు. కేన్ 27 మ్యాచ్‌ల్లో 9 గోల్స్ చేశాడు, మిల్‌వాల్ డివిజన్ నిలబెట్టుకుంది, ఆ సీజన్‌కు క్లబ్ యువ ఆటగాడి పురస్కారం అతనికే దక్కింది. తనను పెద్దవాడిని చేసింది ఆ కొద్ది నెలలేనని కేన్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. మేనేజర్ కెన్నీ జాకెట్‌కు గోల్స్ కావాలి. గోల్స్ చేసే కుర్రాడు దొరికాడు. దయాదాక్షిణ్యాల ఊసే లేదు.

తర్వాత వెళ్లిన నారిచ్ సిటీ ప్రీమియర్ లీగ్ జట్టు. కాగితం మీద చూస్తే ముందడుగే. తీరా సెప్టెంబర్‌లోనే కాలి ఎముక విరిగింది. కోలుకునేసరికి నెలలు గడిచాయి. ఆడింది అయిదు మ్యాచ్‌లు, గోల్స్ సున్నా. ఆ పైన లెస్టర్: 15 మ్యాచ్‌లు, 2 గోల్స్.

ఆ వేసవిలో టాటెన్‌హామ్ అధికారి ఎవరైనా ఈ నాలుగు వరుసలను కూడికలు, తీసివేతలు వేసుకుంటూ చూసుంటే, కుర్రాడిని అమ్మేయమని చెప్పి ఉండేవాడు. చివరి రెండు మజిలీలూ దెబ్బతిన్నవే కదా! నాకు మాత్రం ఆ రెండే విలువైనవిగా కనిపిస్తాయి. ఓరియెంట్, మిల్‌వాల్ అతనికి ఒళ్లు గట్టిపరిచాయి. పక్కన పెడితే ఎలా ఉంటుందో నారిచ్, లెస్టర్ చూపించాయి. లెస్టర్ రోజుల్లోనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు టామ్ బ్రేడీ మీద తీసిన డాక్యుమెంటరీ ఒకటి చూశానని కేన్ రాశాడు. ఎంపికల్లో 198 మంది పేర్లు పిలిచాక గానీ ఎవరూ తీసుకోని బ్రేడీ, తర్వాత ఆ ఆటలోనే మేటి అయ్యాడు. మరోసారి లోన్ మాటెత్తిన టాటెన్‌హామ్ మేనేజర్ ఆండ్రే విల్లాస్ బోయాస్‌తో, ఎక్కడికీ వెళ్లను, ఇక్కడే ఉండి నన్ను నేను నిరూపించుకుంటాను అని చెప్పేశాడు కేన్. 2014 ఏప్రిల్‌లో తర్వాతి మేనేజర్ టిమ్ షేర్‌వుడ్ అతన్ని ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లో తొలి పదకొండుగురిలో దించాడు. సండర్‌లాండ్ మీద గోల్ కొట్టాడు. మరుసటి సీజన్‌లో కొత్త మేనేజర్ పోచెటినో చేతికింద అన్ని పోటీల్లో కలిపి 31 గోల్స్.

అరువిచ్చిన ఆటగాడే అడ్డం తిరిగితే

లోన్ బాగా పండినప్పుడు సొంత క్లబ్‌కే ఇబ్బంది వచ్చిన సందర్భాలున్నాయి. బెల్జియం గోల్‌కీపర్ తిబో కోర్త్వాను చెల్సీ 2011లో గెంక్ నుంచి కొని, వెంటనే అట్లెటికో మాడ్రిడ్‌కు ఇచ్చింది. పంతొమ్మిదేళ్ల గోల్‌కీపర్‌ను పెద్ద క్లబ్బులు మామూలుగా నమ్మవు. గోల్‌కీపర్ చేసిన తప్పు స్కోరు బోర్డు మీద కనిపిస్తుంది మరి. అట్లెటికోకు ఆ సమయంలో గోల్‌కీపర్ అవసరం పడింది, నమ్మింది. ఒకటి కాదు, వరసగా మూడు సీజన్లు కోర్త్వా అక్కడే ఉన్నాడు. 2012లో యూరోపా లీగ్, 2013లో కోపా డెల్ రే, 2014లో లా లీగా గెలిచాడు.

2014 ఏప్రిల్‌లో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ వచ్చింది. ప్రత్యర్థి ఎవరో కాదు, చెల్సీ! తమ మీద ఆడిస్తే పెద్ద మొత్తం చెల్లించాలని లోన్ ఒప్పందంలో చెల్సీ షరతు పెట్టుకుంది. యూరప్ ఫుట్‌బాల్ సంఘం జోక్యం చేసుకుని, పోటీల నిజాయితీకి భంగం కలిగించే అలాంటి షరతులు తమ దగ్గర చెల్లవని తేల్చింది. కోర్త్వా ఆడాడు. లండన్‌లో అట్లెటికో 3-1తో గెలిచి ఫైనల్‌కు వెళ్లింది. ఆ వేసవిలో చెల్సీ అతన్ని వెనక్కి పిలిపించి తన గోల్ ముందు నిలబెట్టింది. ప్రీమియర్ లీగ్‌లో నియమం వేరు. అక్కడ లోన్ ఆటగాడు సొంత క్లబ్ మీద ఆడటానికి వీల్లేదు.

మందలో కలిసిపోయినవాళ్లు

ఇక్కడిదాకా చదివితే లోన్ అంటే అందరికీ మేలే అనిపిస్తుంది. అలా అనుకుంటే చాలామంది కుర్రాళ్లకు అన్యాయం చేసినవాళ్లమవుతాం.

చెల్సీ ఒక దశలో ఒకే సీజన్‌లో నలభైమంది దాకా ఆటగాళ్లను లోన్ మీద బయట ఉంచింది. ఇంగ్లండ్ పత్రికలు దానికి లోన్ సైన్యం అని పేరు పెట్టాయి. చవగ్గా కొనడం, నాలుగు చోట్ల తిప్పడం, విలువ పెరిగితే అమ్మడం. క్లబ్ ఖాతాలకు అది లాభసాటి. క్రొయేషియా గోల్‌కీపర్ మాతేయ్ డెలాచ్ 2010లో చెల్సీలో చేరాడు, 2018లో వెళ్లిపోయాడు. ఎనిమిదేళ్లలో దేశాలు తిరిగాడు, క్లబ్బులు మారాడు. చెల్సీ ప్రధాన జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. బ్రెజిల్ కుర్రాడు లూకాస్ పియాజోన్ స్పెయిన్, నెదర్లాండ్స్, జర్మనీ, ఇంగ్లండ్, ఇటలీ, పోర్చుగల్ క్లబ్బుల్లో లోన్ మీద ఆడాడు. తొమ్మిదేళ్లు దాటిన అనుబంధంలో చెల్సీ సీనియర్ జట్టుకు ఆడింది మూడు మ్యాచ్‌లే. ఏటా కొత్త భాష, కొత్త కోచ్, కొత్త అద్దె ఇల్లు. నిలకడగా నేర్చుకోవాల్సిన వయసంతా సామాను సర్దుకోవడంతోనే అయిపోతే ఆట ఎప్పుడు ఎదుగుతుంది?

చిత్రమేమిటంటే ఆ సైన్యంలో ఉన్న మేలిమి కుర్రాళ్లు బయటపడటానికి శిక్ష కారణమైంది. చిన్న వయసు ఆటగాళ్లను చేర్చుకోవడంలో నిబంధనలు ఉల్లంఘించిందని 2019లో ఫిఫా చెల్సీని కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధించింది. కొనే దారి మూసుకుపోయింది. అప్పుడే మేనేజర్‌గా వచ్చాడు ఫ్రాంక్ లాంపార్డ్. పదిహేడేళ్ల వయసులో తనూ స్వాన్సీకి లోన్ మీద వెళ్లొచ్చినవాడే. అంతకు ముందు సీజన్‌లో డార్బీ కౌంటీ మేనేజర్‌గా ఉన్నప్పుడు మేసన్ మౌంట్, ఫికాయో తొమోరీలను చెల్సీ నుంచి లోన్ మీద తీసుకుని ఆడించాడు కూడా. ఇద్దరినీ వెంటబెట్టుకుని వచ్చినట్టే వచ్చాడు. లోన్ మీద వెళ్లిన టామీ ఏబ్రహామ్ అప్పటికే ఆస్టన్ విల్లాలో లీగ్‌లోనే 25 గోల్స్ కొట్టి ఆ జట్టును ప్రీమియర్ లీగ్‌కు చేర్చడంలో ముందు నిలిచాడు. రీస్ జేమ్స్ విగాన్‌లో ఆ ఏటి మేటి ఆటగాడనిపించుకున్నాడు. 2021 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో చెల్సీ తరఫున హావర్ట్స్ చేసిన గోల్‌కు బంతి అందించింది మౌంటే. నిషేధమే లేకపోతే వీళ్లలో ఎంతమందికి ఆ తలుపు తెరుచుకునేదో!

మితిమీరిన లోన్లకు ఫిఫా చివరికి కళ్లెం వేసింది. 2022 జూలై నుంచి అంతర్జాతీయ లోన్లలో ఒక క్లబ్ బయటికి పంపేవాళ్లు, లోపలికి తెచ్చుకునేవాళ్లు ఎనిమిదేసి మందికి మించకూడదంది. మరుసటి ఏడాది ఆ సంఖ్య ఏడు, 2024 జూలై నుంచి ఆరు. లోన్ గడువు ఒక్క ఏడాదే, అరువు తెచ్చుకున్నవాడిని ఇంకొకరికి అరువివ్వకూడదు. ఇరవై ఒకటేళ్లలోపు వాళ్లకు, క్లబ్ తనే తీర్చిదిద్దుకున్నవాళ్లకు పరిమితి నుంచి మినహాయింపు ఇచ్చారు. ఇది మంచి నియమమే. కానీ ఇరవై రెండేళ్లు నిండి ఇంకా చోటు వెతుక్కుంటున్న కుర్రాడిని అది కాపాడుతుందని నేననుకోను.

ఎక్కడికి పంపుతున్నారన్నదే అసలు ప్రశ్న

సెర్జ్ గ్నాబ్రీని ఆర్సెనల్ 2015లో వెస్ట్ బ్రామ్‌కు పంపింది. మేనేజర్ టోనీ పులిస్ జట్టు గట్టిగా కాచుకుంటూ, గాల్లో బంతులతో ఆడే జట్టు. వేగం, చురుకు తప్ప ఒడ్డూపొడుగూ లేని వింగర్ వాళ్లకు అక్కర్లేదు. లీగ్‌లో ఒకే ఒక్క మ్యాచ్, అదీ సబ్‌స్టిట్యూట్‌గా. కుర్రాడు ఇంకా ఆ స్థాయికి రాలేదని పులిస్ బాహాటంగానే అన్నాడు. జనవరిలో ఆర్సెనల్ వెనక్కి పిలిపించింది. ఆ ఏడాది రియో ఒలింపిక్స్‌లో గ్నాబ్రీ జర్మనీకి ఆరు గోల్స్ చేశాడు, రజతం వచ్చింది. వెర్డర్ బ్రెమెన్ మీదుగా బయర్న్ మ్యూనిక్ చేరాడు. బయర్న్ అతన్ని ముందు హాఫెన్‌హైమ్‌కు లోన్ మీద ఇచ్చింది. అక్కడి యువ కోచ్ జూలియన్ నాగెల్స్‌మన్ వేగంగా దాడిచేసే ఆట ఆడించేవాడు. పది గోల్స్ వచ్చాయి. 2019 అక్టోబర్ 1న లండన్‌లో టాటెన్‌హామ్ మీద బయర్న్ 7-2తో గెలిచిన రాత్రి గ్నాబ్రీ ఒక్కడే నాలుగు కొట్టాడు.

అదే కుర్రాడు, అవే కాళ్లు. మారింది పంపిన చోటు.

ఇది గ్రహించాకే ఇంగ్లండ్ క్లబ్బులు లోన్ల కోసం ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టుకున్నాయి. చెల్సీలో ఎడ్డీ న్యూటన్, ఆర్సెనల్‌లో బెన్ నాపర్, బ్రైటన్‌లో డేవిడ్ వెయిర్ అలాంటి బాధ్యతలే చూశారు. లోన్ మేనేజర్ పని ఒప్పందం రాసుకోవడంతో అయిపోదు. అవతలి జట్టు ఏ పద్ధతిలో ఆడుతుంది, ఆ స్థానంలో పోటీ ఎవరు, మేనేజర్ ఉద్యోగం సీజన్ చివరిదాకా ఉంటుందా అని ముందే ఆరా తీయాలి. తర్వాత మ్యాచ్‌లకు వెళ్లి చూడాలి, వీడియోలు కుర్రాడితో కలిసి విశ్లేషించాలి, ఇల్లు, తిండి, ఒంటరితనం సంగతులు కూడా కనుక్కోవాలి. కుర్రాడు తక్కువ ఆడితే ఎక్కువ, ఎక్కువ ఆడితే తక్కువ రుసుము కట్టేలా కొన్ని ఒప్పందాల్లో రాస్తారు. బెంచీ మీద కూర్చోబెట్టడానికి ఖర్చు పెట్టించే ఈ షరతు నాకు చాలా న్యాయంగా తోస్తుంది.

బ్రైటన్‌ను మెచ్చుకోవాలి. జపాన్ వింగర్ మితోమాకు వెంటనే ఇంగ్లండ్‌లో ఆడే అనుమతి రాకపోతే బెల్జియంలోని యూనియన్ సాంజిల్వాజ్‌కు పంపింది. ఈక్వడార్ మిడ్‌ఫీల్డర్ కైసేదోను బెల్జియంలోనే బీర్షాట్‌కు పంపి, 2022 జనవరిలో వెనక్కి తెచ్చుకుంది. ఏడాదిన్నరలో అతన్ని పది కోట్ల పౌండ్లు దాటిన ధరకు చెల్సీకి అమ్మింది. ఆర్సెనల్ రక్షణకు ఇప్పుడు వెన్నెముకైన విలియం సాలిబాను కొన్నాక మూడుసార్లు ఫ్రాన్స్ క్లబ్బులకే లోన్ మీద ఇచ్చారు. అప్పట్లో అభిమానులు గోలపెట్టారు. మార్సేలో 2021-22 సీజన్ ఆడి, ఫ్రాన్స్ లీగ్ ఉత్తమ యువ ఆటగాడిగా తిరిగొచ్చాక ఆ గోల సద్దుమణిగింది.

మన దగ్గర ఈ వంతెన ఏది?

మన దేశంలో లోన్ చాలాకాలం క్యాలెండర్ సర్దుబాటుగా నడిచింది. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైనప్పుడు అది కొన్ని నెలల్లో ముగిసేది, ఐ-లీగ్ వేరే నెలల్లో జరిగేది. అందుకే ఒకే ఆటగాడు ఏడాదిలో రెండు జెర్సీలు వేసుకునేవాడు. బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాడైన సునీల్ ఛెత్రీ ముంబై సిటీకి అలాగే ఆడాడు. ఈ ఏర్పాటుతో నిజంగా లాభపడిన కుర్రాడు సందేశ్ జింగాన్. కేరళ బ్లాస్టర్స్‌లో వెలుగులోకి వచ్చి, స్పోర్టింగ్ గోవా, డీఎస్‌కే శివాజియన్స్, బెంగళూరుల్లో లోన్ మీద ఆడి, జాతీయ జట్టు రక్షణకు నాయకుడయ్యాడు. ఏడాదంతా ఆట దొరకడమే అతన్ని రాటుదేల్చింది. 2017-18 నుంచి రెండు లీగ్‌లూ ఒకేసారి జరగడంతో ఆ దారి మూతపడింది.

మరో ప్రయత్నం ఇండియన్ ఆరోస్. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2010లో పెట్టి, 2013లో మూసి, 2017లో మళ్లీ తెరిచి, 2022లో మళ్లీ మూసేసింది. కుర్రాళ్ల జట్టును ఐ-లీగ్‌లో పెద్దవాళ్ల మీద ఆడించడం దాని ఉద్దేశం. చాలా మ్యాచ్‌లు ఓడేవాళ్లు, అయినా నేర్చుకునేవాళ్లు. దాని ఫలితాన్ని హైదరాబాద్ కళ్లారా చూసింది. ఆరోస్‌కు ఆడిన ఆకాశ్ మిశ్రా 2020లో హైదరాబాద్ ఎఫ్‌సీకి వచ్చాడు. కుర్రాళ్లను నమ్మే స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ ఎడమ వైపు రక్షణ అతనికే అప్పజెప్పాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి హైదరాబాద్ సూపర్ లీగ్ కప్పు ఎత్తింది.

ఆ క్లబ్ ఇప్పుడు హైదరాబాద్‌లో లేదు. డబ్బు కష్టాల్లో కూరుకుపోయి, చేతులు మారి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన ఊరు ఇది. సికింద్రాబాద్ నుంచి తులసీదాస్ బలరాం వెళ్లి ఒలింపిక్స్ ఆడిన ఊరు ఇది. ఇక్కడి కుర్రాడికి సొంత ఊళ్లో సూపర్ లీగ్ జట్టే లేకపోవడం నన్ను బాధపెడుతోంది. 2022-23, 2023-24 సీజన్లలో ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచిన శ్రీనిధి దక్కన్ లాంటి క్లబ్బులే ఇప్పుడు మనకు దిక్కు.

సూపర్ లీగ్ క్లబ్బుల జాబితాల్లో పంతొమ్మిది, ఇరవై ఏళ్ల భారతీయ కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది శిక్షణ చేస్తారు, బస్సెక్కుతారు, బెంచీ మీద కూర్చుంటారు. వాళ్లను ఒక్క సీజన్ కింది అంచెలోని ఐ-లీగ్‌కు పంపితే ఆట దొరుకుతుంది. అయితే పంపేముందు కొన్ని విషయాలు కాగితం మీద ఉండాలి: తనకు అలవాటైన స్థానంలోనే ఆడిస్తారా, మొదటి రెండు నెలలు ఆడించకపోతే వెనక్కి పిలిచే హక్కు ఎవరిది, గాయపడితే వైద్యం ఎవరు చేయిస్తారు, సొంత క్లబ్ నుంచి నెలకొకసారి వచ్చి చూసేదెవరు, జీతం ఆలస్యమైతే ఎవర్ని అడగాలి. పిల్లాడిని పంపే తల్లిదండ్రులు ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడొద్దు. ఏజెంటు మాట ఇచ్చాడని ఊరుకోకుండా, సంతకం పెట్టేముందే ఒప్పందాన్ని తెలుగులో చదివించుకుని వినాలి.